14 ముక్కలు, 108 వాక్యాలు

ఇంగ్లిష్ నేర్పే పనిముట్లలో నాకు అన్నిటికన్నా ముచ్చటైనది సబ్‌స్టిట్యూషన్ టేబుల్. హెరాల్డ్ పామర్ అనే భాషాబోధకుడు 1916లోనే ఇలాంటివి నూరు కూర్చి పుస్తకంగా వేశాడు. చూడ్డానికి నాలుగు గీతలు, కొన్ని మాటలు. లోపల ఎంత పనితనం ఉందో తెలియాలంటే ఒకటి కట్టి చూడాలి.

ఉదయగిరి పిల్లల కోసం ప్రెజెంట్ పర్ఫెక్ట్ టేబుల్ కడదాం. ఆ ఊరి చెక్క స్పూన్లకు భౌగోళిక గుర్తింపు ఉంది, కాబట్టి మాటలు అక్కడి నుంచే తీసుకుందాం. మొదటి నిలువు వరుసలో ‘మై బ్రదర్’, ‘మై సిస్టర్’, ‘ది కార్వర్’. రెండో వరుసలో ‘హ్యాజ్’ ఒక్కటే. మూడో దాంట్లో ‘జస్ట్’, ‘ఆల్రెడీ’, ‘నెవర్’. తర్వాత ‘మేడ్’, ‘కార్వ్‌డ్’, ‘బాట్’, ‘సోల్డ్’. చివర ‘ఎ వుడెన్ స్పూన్’, ‘ఎ వుడెన్ ఫోర్క్’, ‘ఎ వుడెన్ ట్రే’. మొత్తం 14 ముక్కలు. ఎడమ నుంచి కుడికి వరుసకొకటి చొప్పున ఏది పట్టుకున్నా వాక్యమే: ‘ది కార్వర్ హ్యాజ్ జస్ట్ సోల్డ్ ఎ వుడెన్ ట్రే’. లెక్క వేస్తే 108 వాక్యాలు. ఒక్కటీ తప్పు పోదు.

తప్పు పోకపోవడం ఊరికే వచ్చింది కాదు. మొదటి వరుసలో ‘ఐ’ లేదు, ‘దే’ లేదు. అవి వస్తే ‘హ్యావ్’ కావాలి, దానికి వేరే టేబుల్ కావాలి. ‘మేడ్’ పక్కన ‘గాన్’ చేర్చామా, స్పూన్ దగ్గర వాక్యం విరిగిపోతుంది. ఇలాంటివన్నీ ముందే ఏరేసిన చెయ్యి పిల్లవాడికి కనబడదు.

‘యెస్టర్‌డే’కి కూడా ఇందులో చోటు లేదు. తెలుగు పిల్లలకు ఇదే అసలైన మేలు. మనం ‘ఇప్పుడే వచ్చాను’ అన్నా, ‘నిన్న వచ్చాను’ అన్నా క్రియ మారదు. ఇంగ్లిష్‌లో మారుతుంది. మనకు క్రియ చివర కూర్చుంటుంది, ‘ఇప్పటికే’ అన్న మాట దాని ముందు ఎక్కడైనా సర్దుకుంటుంది. అక్కడేమో క్రియ రెండు ముక్కలై, ‘ఆల్రెడీ’ ఆ రెంటి మధ్య ఇరుక్కుంటుంది. ఈ సంగతి సూత్రంగా చెబితే పరీక్షదాకా గుర్తుంటుంది. టేబుల్ మీద వేలు కదుపుతూ ఇరవై వాక్యాలు పైకి చదివితే నాలుకకే పట్టుబడుతుంది.

ప్రశ్న వేయించడం ఇంకా అందంగా ఉంటుంది. మొదటి రెండు వరుసలను అటూ ఇటూ మార్చి, ‘మై’ని ‘యువర్’ చేసి, మూడో వరుసలో ‘ఎవర్’ పెడితే చాలు: ‘హ్యాజ్ యువర్ బ్రదర్ ఎవర్ మేడ్ ఎ వుడెన్ స్పూన్?’ మనం ‘చేశాడా’ అని క్రియకు చివర తోక తగిలించి అడిగేదాన్ని, వాళ్లు వాక్యం తల దగ్గరే తిప్పేస్తారు. ‘ఐదేళ్లుగా ఆత్మకూరులో ఉంటున్నాం’ అనడానికి మాత్రం మరో టేబుల్ గీయాలి: ‘వి హ్యావ్ లివ్‌డ్ ఇన్ ఆత్మకూర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’. ఊరు ముందు, కాలం చివర.

దీనికి లోటూ ఉంది. అర్థం తెలియకుండానే 108 వాక్యాలూ చదివేయొచ్చు. వాక్య నిర్మాణాల చుట్టూ తిరిగే బోధన చాలదనే భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979లో బెంగళూరు ప్రాజెక్టు మొదలుపెట్టి, పిల్లలకు చేయడానికి పని ఇచ్చి, దాని ద్వారా భాష నేర్పించారు. ఆయన మాటను కొట్టిపారేయలేం. అయినా మాటల వరుస తడబడే పిల్లవాడికి ఇంత నమ్మకమైన ఊత మరొకటి నేను చూడలేదు.

ఉదయగిరి, ఆత్మకూరు ఇంగ్లిష్ టీచర్లకు ఒక విన్నపం. గైడులోని టేబుల్‌ను బోర్డు మీదికి ఎక్కించకండి. సోమశిల డ్యామ్, పెన్న, చెక్క స్పూన్లు, మీ పిల్లలు ఎక్కే బస్సు, వీటితో మీరే ఒకటి కట్టండి. చదివించాక, అందులో తమ విషయంలో నిజమైన వాక్యాలు ఏవో పిల్లల్నే ఏరమనండి.