'లీ' యను వంశనామము

ధ్వనిసామ్యము కనఁబడఁగానే చుట్టఱికము కలుపుట కొందఱు నామవిమర్శకులకుఁ బరిపాటి. ఆ పద్ధతి యెంత బలహీనమో 'లీ' యను వంశనామము చూపును.

ఆంగ్లేయుల 'లీ'కి మూలము ప్రాచీనాంగ్లమందలి 'లేయాహ్' శబ్దము. అడవి నఱికి తీసిన బయలని యర్థము. అట్టి తావులం దేర్పడిన యూళ్ల పేరే కుటుంబములకు సంక్రమించెను. ఊళ్లు పెక్కు గనుక వంశములును బెక్కు.

చీనాలో మిక్కిలి వ్యాపించిన 'లీ' వేఱు. వృక్షచిహ్నముక్రింద శిశుచిహ్న ముంచి వ్రాయు నా యక్షరమునకు ఆల్‌బుఖారా చెట్టని యర్థము. 618లో తాంగు రాజ్యమును స్థాపించిన లీ యువాన్ ఈ పేరివాఁడు. ఆ ప్రభువులు తత్త్వవేత్త లావోజు తమ మూలపురుషుఁ డనిరి. (సింహాసన మెక్కినవారికిఁ బూర్వులు దొరకుట యెచ్చటను కష్టము కాదు.)

కొరియాలో నీ యక్షరమునే దక్షిణమున 'ఈ' యనియు, నుత్తరమున 'రీ' యనియుఁ బలుకుదురు. దక్షిణమువారు రోమనులిపిలో వ్రాయునపుడు మాత్రము ఆంగ్లేయుల 'లీ' వర్ణక్రమమునే తఱచుగాఁ గైకొందురు. చెవికి దూరమైన 'ఈ' చీనా 'లీ'కి సోదరము. చెవి కొక్కటియైన యాంగ్ల 'లీ' పరాయిది. అక్షరైక్యమును వంశైక్యము కాదు: 1392లో రాజ్యమునకు వచ్చిన చొంజు శాఖవారు వేఱు, క్యోంజు శాఖవారు వేఱు. చీనావారును కొరియావారును తెలుఁగువారివలె వంశనామమును ముందుంతురు. ఆంగ్లేయులు తుద నుంతురు. ఈ స్థానభేదమునైనఁ బాటింపక కూర్చిన నామపట్టికలు ప్రమాణములు కావు.