ఆగలేనివాడితో బేరం

రైల్లో ఫోన్ స్పీకరు పెట్టి పాటలు వినిపించేవాళ్లను ఓర్చుకోగలను. టికెట్ల వరసలో మధ్యలోకి దూరేవాళ్లనూ ఓర్చుకోగలను. ధర్మవరంలో మగ్గం పక్కన నిలబడి, నేసే మనిషి ముఖం మీదే "ఆన్‌లైన్‌లో ఇదే చీర మూడు వేలకే వస్తాంది గదన్నా" అనేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లిళ్ల కాలంలో బంధువుల వెంట అక్కడికి పోతుంటాను కాబట్టి ఈ మాట చెవిన పడుతూనే ఉంటుంది.

ఆ చీర పని పెనుకొండ, హిందూపురం చుట్టుపక్కల మల్బరీ తోటల్లో మొదలవుతుంది. పట్టుపురుగు నాలుగు జ్వరాలు దాటాలి. పాత చర్మం విడవడానికి అది మేత మాని పడుకోవడాన్నే రైతులు జ్వరమంటారు. నాలుగో జ్వరం లేచాక ఇక తిండి తిండి కాదు. బతికినన్నాళ్లూ తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లు ఆ చివరి వారంలోనే తినేస్తుంది. ఇంటిల్లిపాదికీ రాత్రిళ్లు నిద్ర ఉండదు. అట్లాంటి షెడ్డులోకి ఊరికే చూసిపోదామని చెప్పులతో వచ్చేస్తారు కొందరు. పాలరోగం, సున్నపుకట్టు లాంటి పురుగు జబ్బులు మన కాళ్లకూ చేతులకూ అంటుకొనే లోపలికి పోతాయి. సోకిందంటే పంటంతా తీసి పారబోయాల్సి రావచ్చు. గుమ్మంలో సున్నం, బ్లీచింగ్ పొడి చల్లి పెట్టేది అందుకే. "చెప్పులు విడిచి రాండి సామీ" అని రైతు అంటే అదేదో అవమానమైనట్టు ముఖం చిట్లించేవాళ్లను నేను చూశాను. ఆ రైతు ఎంత భయంతో ఆ మాట అంటాడో వాళ్లకు పట్టదు.

ఆ పురుగులు కట్టిన గూళ్లు హిందూపురం మార్కెట్‌కు వస్తాయి. గూడు కట్టిన రెండు వారాల్లోపే లోపలి పురుగుకు రెక్కలొచ్చి, గూటిని తొలుచుకొని బయటపడుతుంది. తొలిచిన గూటి నుంచి తెగకుండా దారం తీయలేరు. కాబట్టి ధర నచ్చలేదని రైతు సరుకును ఇంటికి తీసుకుపోయి దాచుకోలేడు. కొనేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

ధర్మవరంలో నేతగాడిదీ ఇంచుమించు అదే స్థితి. రేషం అనే పట్టు దారం, జరీ అప్పుకు తెచ్చుకుంటాడు, లేదా సరుకిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేస్తాడు. నేసిన చీర ఇంట్లో మడిచిపెట్టుకుంటే వడ్డీ పెరుగుతుంది. కండెలు చుట్టిన ఇంటి ఆడవాళ్లకు వేరే కూలి కట్టేవారు లేరు. ఆగలేని మనిషని తెలిసీ అతని దగ్గరే గంటసేపు గీచిగీచి బేరమాడడం నాకు క్రూరంగా తోస్తుంది. అదే మనుషులు మాల్‌లో అంకె చూసి నోరెత్తకుండా డబ్బు కడతారు.

చీర కొనకుండా, మగ్గం మీదున్న అంచునూ కొంగునూ ఫోన్లో తీసుకుపోయే అలవాటు ఇంకొకటి. గ్రాఫ్ కాగితం మీద గడి గడీ నింపి, జకార్డు అట్టలు కొట్టించి తయారుచేసుకున్న డిజైన్ అది. ఫొటో చేరాల్సిన చోటికి చేరితే మరమగ్గం మీద దిగడానికి ఎక్కువ కాలం పట్టదు. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది గానీ అది కాపాడేది ఊరి పేరును. ఒక నేతగాడు కొత్తగా వేయించుకున్న అంచుకు దానివల్ల రక్షణ లేదు. 1985 నాటి చట్టం చేనేతకే కేటాయించిన రకాల్లో ఇలాంటి జరీ అంచు పట్టుచీర ఉంది. అయినా మరమగ్గం చీరలు చేనేత పేరుతో అమ్ముడవుతూనే ఉన్నాయి. సిల్క్ మార్క్ చూపించి "ఇది చేనేతే" అని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ గుర్తు పట్టు స్వచ్ఛమైనదని చెబుతుంది, అంతే. ఏ మగ్గం మీద నేశారో దానికి పట్టదు. అందుకు చేనేత మార్కు వేరే ఉంది, 2006 నుంచి.

బేరమే వద్దని నేననను. మగ్గం దాకా పోయినప్పుడు ముందు ఈ చీరకు ఎన్నాళ్లు పట్టిందని అడగండి. కొంగు తిరగేసి చూడండి. స్తోమతకు మించితే చిన్న అంచుదో, జరీ తక్కువదో చూపించమనండి, సంతోషంగా చూపిస్తారు. ఖాయం చేసుకున్నాక మాత్రం "సగం ఇప్పుడు, మిగతాది పెళ్లయ్యాక" అనొద్దు. మీ పెళ్లి అయ్యేదాకా రేషం వ్యాపారి ఆగడు.