బంగారు ఆకుల లైలాక్

మే నెల వచ్చిందంటే మా రోచెస్టర్ ఊరంతా లైలాక్ పూల ఘుమఘుమలే. న్యూయార్క్ రాష్ట్రంలోని ఈ ఊళ్లో, హైలాండ్ పార్కులో 1892లో ఉద్యాన నిపుణుడు జాన్ డన్‌బార్ ఇరవై రకాలతో నాటించిన తోట నేడు ఐదు వందల పైచిలుకు రకాలకు పెరిగింది. జనం పూల కోసం వస్తారు. నాకు మాత్రం మా పెరట్లోని ‘ఆరియా’ చిగురేసిన రోజే పండగ.

ఇది మామూలు లైలాక్‌లోనే బంగారు ఆకుల రకం, నర్సరీల్లో అరుదుగా దొరుకుతుంది. లేతాకు నిమ్మపండు ఛాయలో మెరుస్తుంది. వేసవి ముదిరేకొద్దీ ఆకుపచ్చగా మారుతుంది. మన మల్లె, పారిజాతాల కుటుంబమే అయినా దీనికి గట్టి చలి వారాల తరబడి తగలాలి, లేకుంటే పూత రాదు. కాబట్టి హైదరాబాదులో, విజయవాడలో దీని మీద ఆశ పెట్టుకోలేం.

ఆకుకు ఆ రంగు పత్రహరితం తక్కువ కావడం వల్ల వచ్చింది. పత్రహరితం తగ్గితే ఆహారమూ తగ్గుతుంది, అందుకే ఎదుగుదల నిదానం. ఉదయపు ఎండ పడాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. నీడ మరీ ఎక్కువైతే బంగారం పోతుంది, ఎండ మండిపోతే ఆకు అంచులు మాడతాయి. పూత అయిపోగానే కత్తిరించాలి; ఆలస్యం చేస్తే వచ్చే ఏటి మొగ్గల్ని మన చేత్తో మనమే కోసేసినట్టు.

అసలు కాపలా మొక్క మొదలు దగ్గర. అంటు మొక్కకు అడుగునుంచి పచ్చటి పిలకలు లేస్తాయి. పాదులో మట్టి వేళ్లతో తోడి చూస్తే అంటు కట్టిన చోట చిన్న బుడిపె కనబడుతుంది. దాని కిందనుంచి వచ్చింది అంటుకు ఆధారమైన వేరుమొక్క పిలక. పైపైన కోస్తే రెండింతలై లేస్తుంది, పుట్టినచోటికి వెళ్లి పీకేయాలి. వదిలేస్తే ఆ బలమైన పచ్చదనం కొన్నేళ్లలో బంగారాన్ని మింగేస్తుంది.

గింజ వేస్తే ఈ రంగు వస్తుందన్న నమ్మకం లేదు. అంటు కట్టాలి, లేదా కొమ్మను నేలకు వంచి, మట్టి కప్పి, వేరు పట్టేదాకా ఆగాలి. అంటే ఈ మొక్క నేటిదాకా బతికి ఉందంటే, ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు శ్రద్ధగా ఇంకొకరికి అందించబట్టే. అరుదైన మొక్కను ఒక్క పెరట్లోనే దాచుకోవడం దాన్ని కాపాడటం కాదు. ఒక్క చలికాలం, ఒక్క తెగులు చాలు, అంతా పోవడానికి. మీ ఇంట్లో అలాంటిది ఏదున్నా, మామిడైనా మల్లైనా, ఈ ఏడే ఒక అంటు కట్టి పక్కింటికి ఇవ్వండి.