పాపం గవ్వలది కాదు

మ్యూనిక్ పశ్చిమ శివారు నోయ్‌ఔబింగ్‌లో ఎనిమిది పాత బరాకులు ఇంకా నిలిచి ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రైల్వే మరమ్మతుల వర్క్‌షాపులో వెట్టిచాకిరీ చేయించడానికి పరాయి దేశాల నుంచి పట్టుకొచ్చినవాళ్ళను అక్కడ ఉంచారు. 1945 ఆరంభంలో అలా వచ్చినవాడే రోటర్‌డామ్ కుర్రాడు యాన్ బాజౌన్. వయసు 19. అతను రాసుకున్న డైరీ 2022లో బార్బరా యెలిన్ బొమ్మలతో పుస్తకంగా వచ్చింది. మ్యూనిక్‌లోని నాజీ చరిత్ర డాక్యుమెంటేషన్ కేంద్రం అదే కథను బెర్లిన్‌కు చెందిన పెయింట్‌బకెట్ గేమ్స్ చేత వీడియో గేమ్‌గానూ చేయించింది. దాని పేరు 'ఫోర్స్‌డ్ అబ్రాడ్'.

డైరీ ఉండగా గేమ్ ఎందుకు? పుస్తకం చదివేవాడు యాన్ కష్టానికి జాలిపడి పేజీ తిప్పగలడు. గేమ్‌లో ఆ వీలు లేదు. కథ ఒకచోట ఆగుతుంది. ఏం చేయాలో ఆడేవాడే తేల్చాలి. మన వైకుంఠపాళీ కూడా కథ చెప్పే ఆటే. నిచ్చెన ఎక్కితే పుణ్యం, పాము నోట పడితే పాపం. కానీ ఏ గడిలో పడతామన్నది గవ్వల ఇష్టం కాబట్టి నేరం మన మీదికి రాదు. వీడియో గేమ్ కథ బలమంతా ఆ నేరాన్ని మన మీదికి తేవడంలోనే ఉంది.

పెయింట్‌బకెట్ స్థాపకులు యోర్గ్ ఫ్రీడ్రిష్, సెబాస్టియన్ షుల్జ్ అంతకుముందు యాగర్ సంస్థలో పనిచేశారు. ఆ సంస్థ 2012లో తెచ్చిన 'స్పెక్ ఆప్స్: ది లైన్'లో ఒక ఘట్టం ఉంది. ఇసుక తుపానులకు పాడుబడిన దుబాయ్‌లో మనం ఆడించే కెప్టెన్ వాకర్ తెల్ల భాస్వరం గుండ్లు పేల్చాలి. కెమెరా తెర మీద మనుషులు తెల్ల చుక్కల్లా కదులుతుంటారు. ఆ తెరలోనే వాకర్ ముఖం లీలగా కనబడుతుంటుంది. పేల్చడం అయ్యాక గేమ్ మనల్ని ఆ కాలిన నేల మీదుగానే నడిపిస్తుంది. చచ్చినవాళ్ళలో సైనికులే కాదు, తలదాచుకున్న పౌరులూ ఉంటారు. బిడ్డను పొదువుకుని కాలిపోయిన తల్లి ఉంటుంది. పేల్చకుండా ముందుకు పోయే దారి గేమ్‌లో లేదు. దారి ఇవ్వకుండా తప్పు నాదంటే ఎలా అని ఆటగాళ్ళు వాదించారు. వాదన సబబే. అయినా బటన్ నొక్కింది తామేనన్న ముల్లు గుచ్చుకోబట్టే కదా వాదనకు దిగింది! సినిమా చూసినవాడికి ఆ అవసరం రాదు.

పెయింట్‌బకెట్ 2020లో విడుదల చేసిన 'త్రూ ది డార్కెస్ట్ ఆఫ్ టైమ్స్' ఆ లోటు తీర్చింది. 1933 నుంచి బెర్లిన్‌లో ఒక చిన్న నాజీ వ్యతిరేక బృందాన్ని మనం నడపాలి. ఈ వారం కరపత్రాలు పంచాలా, చందాలు పోగుచేయాలా? ఎవరిని పంపితే దొరికిపోతారు? దారులు చాలానే ఉంటాయి. కానీ ఎంత బాగా ఆడినా యుద్ధాన్ని ఆపలేం.

జర్మనీలో ఇలాంటి గేములకు చోటు తేలిగ్గా దొరకలేదు. సినిమాల్లో చూపగలిగిన స్వస్తిక గుర్తును గేముల్లో చూపనిచ్చేవారు కాదు. 2017లో 'వుల్ఫెన్‌స్టైన్ 2' జర్మన్ కూర్పులో హిట్లర్‌కు మీసం కూడా తీసేశారు. 2018 ఆగస్టులో ఆ పట్టు సడలింది. కళకు, చరిత్రకు అవసరమైతే ఒక్కో గేమ్‌నూ పరిశీలించి అనుమతిస్తున్నారు. గేమ్ కూడా గంభీరమైన కథ చెప్పగలదని ఒప్పుకున్నట్టే.

అలాగని గేమ్ ఒక్కటే చాలదు. నాజీ జర్మనీ వెట్టికి పట్టినవాళ్ళు 1 కోటి 30 లక్షలకు పైమాటే. పోలండ్, సోవియట్ కార్మికుల బతుకు డచ్ వాళ్ళకన్నా ఘోరం. ఒక్క యాన్ వేషం కడితే అదంతా తెలియదు. డైరీ, చరిత్ర పుస్తకం పక్కన ఉండాల్సిందే. కానీ భయం, ఆకలి మధ్య నిర్ణయం తీసుకోవడం ఎంత కష్టమో గేమ్ చెప్పినట్టు పుస్తకం చెప్పలేదు.

మీ పిల్లలు గేమ్ ముందు కూర్చుంటే ఎంతసేపు ఆడావని మాత్రమే అడగకండి. అందులో నువ్వేం చేశావు, ఎందుకలా చేశావు అని కూడా అడగండి.