తప్పుకు పాళ్లు

సూరారం చౌరస్తాలో రెండు బండ్లు గుద్దుకుంటే తీర్పు రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. కారూ బైకూ అయితే కారుది తప్పు. లారీ, కారూ అయితే లారీది. రెండూ కార్లే అయితే వెనక ఉన్నవాడిది. రెండూ ఒకే సైజువై, పక్కపక్కన రాసుకున్నాయనుకోండి, ఎవరు ముందు ఫోన్ తీసి "అన్నా, జెర ఇటు రావే" అని తమవాళ్లను పిలిస్తే వాళ్లు నెగ్గుతారు. నర్సాపూర్ రోడ్డు మీద జీడిమెట్ల కంపెనీల కంటైనర్లు, డీసీఎంలు, దుండిగల్ వైపు పోయే కాలేజీ బస్సులు, షేర్ ఆటోలు, యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో దూరే బైకులు అన్నీ ఇక్కడే కలుస్తాయి కాబట్టి ఈ తీర్పులకు కరువు లేదు.

నేను మోటారు సర్వేయర్ని. బీమా కంపెనీ చెబితే షెడ్డుకు వెళ్లి, సొట్టలు చూసి, బాగుచేయడానికి ఎంతవుతుందో లెక్క కట్టడం నా పని. రోడ్డు మీద అరుచుకున్న ఇద్దరిలో ఒకరి బండి మర్నాడు నా ముందుకు వస్తుంది. మనిషి చెప్పే కథ ఒకటి, రేకు చెప్పేది మరొకటి. ఈ వృత్తిలో నాకు నచ్చే భాగం రేకును వినడమే.

పక్కనుంచి రాసుకుపోయిన గీతను తీసుకోండి. మీ తలుపు మీద అది వెనకనుంచి ముందుకు సాగిందంటే అవతలి బండి మీకంటే వేగంగా పోతోందని అర్థం. ముందునుంచి వెనక్కి సాగితే మీరే వేగంగా ఉన్నారు, లేదా అతను ఆగి ఉన్నాడు, లేదా ఎదురొచ్చాడు. రంగు పేరుకున్న వైపును బట్టి గీత ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది. ఇక వెనకనుంచి గుద్దిన కేసుల్లో నేను మొదట చూసేది ఎత్తు. గట్టిగా బ్రేక్ కొడితే బండి ముక్కు కిందికి దిగుతుంది, తోక పైకి లేస్తుంది. రెండు బండ్ల మీది మచ్చలను పక్కపక్కన పెట్టి కొలిస్తే, వెనకవాడి బంపర్ ముందు బండికి మామూలుకంటే కింద తగిలిందో లేదో తెలుస్తుంది. కింద తగిలితే ఆ వెనకవాడు బ్రేక్ మీద కాలు పెట్టే ఉండొచ్చు. "ఫోన్ చూసుకుంట వచ్చి గుద్దిండు సార్" అని ముందు బండి యజమాని ఎంత చెప్పినా రేకు అంత తేలిగ్గా ఒప్పుకోదు. అలాగని రేకు అన్నీ చెప్పేస్తుందనీ అనుకోకూడదు. సిగ్నల్ ఎరుపో పచ్చో, ఇండికేటర్ వేశారో లేదో దానికేం తెలుస్తుంది?

తమాషా ఏమిటంటే, నేను రేకును ఇంత చదివినా చాలా సార్లు దానితో ఎవరికీ పనుండదు. సమగ్ర పాలసీలో సొంత బండి నష్టం కట్టేటప్పుడు తప్పు మీదైనా, అవతలివాడిదైనా కంపెనీ మీ బండి బాగు చేయిస్తుంది. తర్వాత ఆ డబ్బు కోసం అవతలి కంపెనీ వెంట పడవచ్చు గానీ, సాధారణ బీమా కంపెనీలు తమలో తాము నాక్ ఫర్ నాక్ అనే ఒప్పందం చేసుకుని ఉన్నాయి: నా కస్టమర్ బండి నేను చూసుకుంటా, నీ కస్టమర్ బండి నువ్వు చూసుకో. దాంతో కంపెనీల మధ్య తప్పు లెక్క మాయమైపోయింది.

మాయమైన లెక్క ఎక్కడికి పోయింది? చౌరస్తాకు వచ్చింది. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 20 శాతం, ఐదేళ్లు గడిస్తే 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది మళ్లీ సున్నా. అవతలివాడి థర్డ్ పార్టీ బీమా నుంచి రాబట్టాలంటే మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌కు పోవాలి. కారు పాలసీలో ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల దాకా కవర్ ఉంటుంది, నిజమే. కానీ ఒక బంపర్ కోసం స్టేషన్‌కూ ట్రిబ్యునల్‌కూ తిరిగే ఓపిక ఎవరికుంది? అందుకే ఐదారు వేలు నగదుగా రాబట్టుకోవడానికి మనిషి నడిరోడ్డు మీద నిలబడి అరుస్తాడు. అతన్ని మూర్ఖుడనలేం. తప్పుకు ధర పలికే చోటు అదొక్కటే మిగిలింది మరి.

కానీ ఆ చోట ఒక చెడ్డ అలవాటు ఉంది. తప్పు మొత్తం ఒకరి నెత్తినే పెట్టాలి. పాతకాలపు ఇంగ్లిష్ కోర్టులదీ ఇదే వరస. 1809లో ఒకాయన దారికి అడ్డంగా దుంగ పెట్టాడు. మరొకాయన గుర్రం మీద దౌడు తీస్తూ వచ్చి దానికి తగిలి పడ్డాడు. నువ్వు జాగ్రత్తగా రాలేదు కాబట్టి నీకు పైసా రాదు పొమ్మంది కోర్టు. 1842లో కాళ్లకు బంధం వేసి రోడ్డు మీద వదిలిన గాడిదను బండి తొక్కేసింది. అక్కడ కోర్టు ఇంకో మాట అంది: చివరి క్షణంలో తప్పించగలిగినవాడు తప్పించలేదు కాబట్టి బండివాడే కట్టాలి. దుంగకో న్యాయం, గాడిదకో న్యాయం. తప్పును పాళ్లుగా పంచుతూ వాళ్లు చట్టం చేసుకోవడానికి 1945 దాకా పట్టింది.

మన ట్రిబ్యునళ్లు ఏళ్ల తరబడి పంచుతూనే ఉన్నాయి. చౌరస్తాకే ఆ కబురు అందలేదు. "వెనకనుంచి గుద్దినోడిదే తప్పు" అన్న మా ఊరి సూత్రాన్ని తీసుకోండి. 1989 నాటి రోడ్డు నిబంధనల్లో ముందు బండికి తగిన దూరం పాటించాలన్న నియమం పక్కనే, అవసరం లేకుండా హఠాత్తుగా బ్రేక్ వేయకూడదన్న నియమమూ ఉండేది. 2017లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. మనవాళ్లు మాత్రం దూరం పాటించాలన్న మొదటి సగమే గుర్తుపెట్టుకున్నారు. 2025 జులైలో సుప్రీంకోర్టు కోయంబత్తూరు కేసు ఒకటి తేల్చింది. హైవే మీద ఒక కారు ఉన్నట్టుండి ఆగింది. వెనక బైకు మీద వస్తున్న ఇంజినీరింగ్ విద్యార్థి దానికి గుద్దుకుని పడ్డాడు, ఆ వెనక వచ్చిన బస్సు అతని మీదుగా పోయింది, కాలు తీసేయాల్సి వచ్చింది. గర్భంతో ఉన్న తన భార్యకు వాంతి వచ్చినట్టయిందని కారు నడిపినాయన చెప్పాడు. వెనకవాళ్లకు ఏ సూచనా ఇవ్వకుండా హైవే మధ్యలో ఆగడానికి అది సాకు కాదంది కోర్టు. కారుకు 50 పాళ్లు, బస్సుకు 30, దూరం పాటించని కుర్రాడికి 20. ఇదే సూరారంలో జరిగుంటే గుంపు బస్సు డ్రైవర్ను కొట్టి, కుర్రాణ్ని తిట్టి, కారును పోనిచ్చేది.

మరో సూత్రం: "ముగ్గురెక్కిండ్రు, ఇంకేం మాట్లాడుతరు?" బైకు మీద ముగ్గురు ఎక్కడం నేరమే, చలాన్ పడుతుంది. కానీ ఎక్కినందువల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెద్దదైందనో రుజువు కాకపోతే పరిహారంలో కోత పెట్టకూడదని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నా లెక్కలో ఇది చాలా పెద్ద మాట. చట్టం తప్పడం వేరు, ప్రమాదానికి కారణం కావడం వేరు. షేర్ ఆటోలో కూర్చున్న ప్రయాణికుడికైతే ఈ పాళ్ల గొడవే అక్కర్లేదు. ఆటోదీ లారీదీ ఇద్దరిదీ తప్పయితే, ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చని 2015లో అదే కోర్టు స్పష్టం చేసింది. వాళ్ల వాటాలు వాళ్లు తర్వాత తేల్చుకుంటారు. ఈ సంగతి తెలియక, ఆటోవాడు మనూరివాడని మొహమాటపడి ఊరుకున్న కుటుంబాలను చూశాను.

గల్ఫ్ నుంచి వచ్చిన డ్రైవర్లు ఎవరైనా మన చౌరస్తా పంచాయితీ చూసి నవ్వుతారు. దుబాయ్‌లో పోలీసులే వచ్చి తప్పు ఉన్నవాడికి ఎరుపు కాగితం, లేనివాడికి పచ్చ కాగితం ఇచ్చి పంపుతారు. సౌదీలో నజ్మ్ అనే సంస్థ మనిషి వచ్చి ఫొటోలు తీసి, ఎవరి తప్పు ఎంత శాతమో తేలుస్తాడు. నాకు మాత్రం ఫ్రాన్స్ వాళ్ల పద్ధతి ఎక్కువ ఇష్టం. వాళ్ల కార్లలో ఒక కాగితం ఉంటుంది. ఇద్దరు డ్రైవర్లూ దాన్నే నింపాలి. ఎడమ ఒకరికి, కుడి ఒకరికి, మధ్యలో 17 గడులు: ఆగి ఉన్నాను, ఎడమకు తిరుగుతున్నాను, రివర్స్ చేస్తున్నాను, ఇలా. కింద బొమ్మ గీసి ఇద్దరూ సంతకం పెడతారు. అందులో తప్పెవరిదన్న ప్రశ్నే లేదు. సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టూ కాదు. ఏం జరిగిందో ఇద్దరూ రాస్తారు, ఎవరిదో వేరేవాళ్లు తేలుస్తారు. ఈ రెండు పనులనూ కలిపేయడమే మన గోలకు మూలం.

అందుకే షెడ్డులో అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతాను. "తప్పు నాదే" అని చిట్టీ రాసివ్వకండి. కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బులిస్తానని మాటివ్వడం పాలసీ షరతులకే విరుద్ధం. బండ్లు పక్కకు తీసేముందు దూరంనుంచి ఒక ఫొటో తీయండి, డివైడరూ రోడ్డు గీతలూ టైరు మచ్చలూ కనపడేలా. అందరూ సొట్టనే దగ్గరగా తీస్తారు. ఆ సొట్ట మర్నాడూ ఉంటుంది, రోడ్డు మీది పొజిషన్ ఉండదు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఇవన్నీ పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి తీసుకుపోండి. అది మంచితనమే కాదు, మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్రైవర్ విధి. దెబ్బ తగిలిన కేసులో రోడ్డు మీద రాజీ పడకండి. ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు 2022 ఏప్రిల్ నుంచి చట్టం ఆరు నెలల గడువు పెట్టింది.

ఇక బీమా కంపెనీలకు ఒక మనవి. ఆ ఫ్రెంచి కాగితంలాంటిది తెలుగులో ఒకటి అచ్చు వేయించి పాలసీతో పాటు పంపండి, పెద్ద ఖర్చేం కాదు. పాఠకులు కూడా ఈసారి రెన్యువల్‌కు ఫోన్ చేసిన ఏజెంటును డిస్కౌంట్ ఎంత అని అడిగాక, ఆ కాగితం సంగతి కూడా అడగండి.