రెయిన్‌మీటర్, కాంకీ: ఎండాకాలంలో ఏది నిజం చెబుతుంది?

జంషెడ్‌పూర్‌లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు చాలానే ఉంటాయి. ఆ రోజుల్లో కదమాలోనో సాక్చీలోనో ఏసీ లేని గదిలో కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే, ప్రాసెసర్ ఏం చేస్తోందో తెర మీద ఎప్పుడూ కనిపించే విడ్జెట్ ఒకటి ఉండాలనిపిస్తుంది. అందుకు విండోస్‌లో రెయిన్‌మీటర్, లినక్స్‌లో కాంకీ పేరున్నవి. రెండూ ఉచితం, రెండూ ఓపెన్ సోర్స్, రెండింటినీ మామూలు టెక్స్ట్ ఫైలుతోనే మలుచుకుంటాం. రెయిన్‌మీటర్ 2001 నాటిది. కాంకీ 2005లో టోర్స్‌మో అనే పాత ప్రోగ్రామ్ నుంచి పుట్టింది. పోలికలు ఇంతవరకే.

రెయిన్‌మీటర్ వెంట వచ్చే ఇల్లస్ట్రో స్కిన్ చూడముచ్చటగా ఉంటుంది. సిస్టమ్ పెట్టెలో సీపీయూ, ర్యామ్, స్వాప్ మూడు గీతలు, పక్కన శాతాలు. అంతే. కాంకీ తొలి తెరలో ఆ సొగసు లేదు. బూడిదరంగు అక్షరాలు ఒకదాని కింద ఒకటి పేర్చినట్టుంటాయి. కానీ పైభాగంలోనే ప్రాసెసర్ ఎన్ని గిగాహెర్ట్జ్ వేగంతో నడుస్తోందో ఉంటుంది, తర్వాత శాతం, అడుగున ప్రాసెసర్‌ను ఎక్కువగా వాడుతున్న నాలుగు ప్రోగ్రాముల పేర్లు.

ఈ తేడాను చిన్నదిగా చూడలేను. రెయిన్‌మీటర్ చూపే శాతానికి అర్థం, ప్రాసెసర్ ఖాళీగా లేని సమయం ఎంత అన్నది. ఎంత వేగంగా పని చేసిందో అందులో లేదు. చాలా ఇంటెల్ చిప్‌లు 100 డిగ్రీల దగ్గరికి చేరగానే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. వేగం తగ్గితే అదే పనికి ఎక్కువ సేపు పడుతుంది, శాతం పెరుగుతుంది. చూసేవాడికి 100 కనిపిస్తుంది. బ్రౌజర్‌ను తిట్టుకుంటాడు, ఒక్కొక్క ప్రోగ్రామూ మూసేస్తాడు. అసలు దోషం ఫ్యాన్‌కు పట్టిన దుమ్ముది, దానికి ఎండ తోడవుతుంది. పని అదే, ఫ్యాన్ వేగం అదే అయితే గది ఎంత వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. జనవరిలో 20 డిగ్రీలున్న గది మేలో 40కి చేరితే చిప్ మీద కూడా సుమారు 20 డిగ్రీలు అదనం. 1912లో తొలి ఉక్కు దిమ్మెను పోసిన ఈ ఊళ్లో కొలిమి ఎంతసేపు మండిందో చూసి ఎవరూ తృప్తిపడరు, వేడి ఎంతో అడుగుతారు.

విండోస్ 8 నుంచి చాలా ఏళ్లపాటు టాస్క్ మేనేజర్ వేరే కొలత వాడింది. చిప్‌కు కంపెనీ చెప్పిన వేగాన్ని ప్రమాణంగా తీసుకుని ఎంత పని జరిగిందో లెక్కగట్టేది. అందుకే వేడికి మందగించిన యంత్రంలో రెయిన్‌మీటర్ 100 అంటే టాస్క్ మేనేజర్ 60 అనవచ్చు. విడ్జెట్ చెడిపోయిందని అనుకునేవాళ్లున్నారు. రెండూ సరైన అంకెలే, ఆ రెండింటి మధ్య తేడాయే అసలు వార్త. వేగాన్నీ శాతాన్నీ పక్కపక్కనే పెట్టిన కాంకీలో ఈ తికమకకు చోటు తక్కువ.

ఉష్ణోగ్రతను మాత్రం ఏదీ తనంత తాను చూపదు. కాంకీకి ఒక వరుస చేర్చాలి, అయితే సెన్సర్ నంబరు యంత్రాన్ని బట్టి మారుతుంది. రెయిన్‌మీటర్‌కు కోర్ టెంప్ అనే ప్రోగ్రామ్ నడుస్తూ ఉండాలి, దాని అంకెను ప్లగిన్ తెచ్చిస్తుంది. ప్రోగ్రాముల పేర్లకు యూసేజ్ మానిటర్ అనే మరో ప్లగిన్ ఉంది. అంటే రెయిన్‌మీటర్‌కూ ఇవన్నీ చేతనవును. కానీ చాలామంది మొదట కనిపించినదానితోనే ఆగిపోతారు కాబట్టి నేను తొలి తెరనే తూకం వేస్తున్నాను.

తెలుగు విషయంలో తీర్పు తిరగబడుతుంది. జంషెడ్‌పూర్‌లోని బిష్టుపుర్ రామమందిరం చుట్టూ అల్లుకున్న తెలుగు కుటుంబాల్లో ఎవరైనా విడ్జెట్ మీద ‘ప్రాసెసర్’ అని తెలుగులో రాసుకోవాలనుకుంటే రెయిన్‌మీటర్‌లో ఫైలును యూటీఎఫ్-16గా భద్రపరిస్తే చాలు, అక్షరాలు చక్కగా కూర్చుంటాయి. లినక్స్ తెర వ్యవస్థ ఎక్స్11 మీద కాంకీ అక్షరాలను గీసే పద్ధతి మన గుణింతాలకూ ఒత్తులకూ సరిపడదు, ‘ప్ర’ విడిపోయి కనిపిస్తుంది. ఇన్నేళ్ల ప్రోగ్రామ్‌కు ఇది తగని లోటు.

ఇక భద్రత. విండోస్ విస్టాతో 2007లో వచ్చిన సీపీయూ మీటర్ గాడ్జెట్ గుర్తుండే ఉంటుంది. గాడ్జెట్లతో ప్రమాదం ఉందని, వాటిని ఆపేయమని 2012 జూలైలో మైక్రోసాఫ్టే చెప్పింది. ఆ జాగ్రత్త ఇక్కడా అవసరమే: ఇతరులు చేసిన రెయిన్‌మీటర్ స్కిన్ ప్యాకేజీలో ప్లగిన్ ఉండవచ్చు, కాంకీ ఫైలులో ఆదేశాలు ఉండవచ్చు. చదవకుండా ఏదీ పెట్టుకోవద్దు.

నిజం చెప్పడంలో కాంకీదే పైచేయి, తెలుగులో చెప్పడంలో రెయిన్‌మీటర్‌ది. విండోస్ వాడే మిత్రులారా, మే రాకముందే మీ ఇల్లస్ట్రో పక్కన ఉష్ణోగ్రత వరుస ఒకటి చేర్చుకోండి. మామూలు పనికే అది 90 దాటుతుంటే, ప్రోగ్రాములు తీసేసే ముందు యంత్రాన్ని ఆపి ఫ్యాన్ దుమ్ము దులపండి.