దిగుబడికి అవతల: లోహ ఆక్సైడ్ నానోకణాలు – కాలువ పాచి

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని మాడుగులపల్లి ప్రాంతంలో కాలువ రాయిని తాకితే చేతికి జారుడుగా తగిలేది పాచి. బాక్టీరియా, శైవలాలు, శిలీంధ్రాలు తాము స్రవించిన జిగురులో కలిసి జీవించే ఇటువంటి పొరను శాస్త్రం బయోఫిల్మ్ అంటుంది. నీటిలోని సేంద్రియ మలినాలను విచ్ఛిన్నం చేయడం, నత్రజనిని రూపాంతరం చెందించడం, నత్తలకు ఆహారం కావడం దీని పనులు. వరిలో జింకు లోపానికి జింక్ సల్ఫేట్ బదులు నానో జింక్ ఆక్సైడ్‌ను సూచించే ముందు, మడి నుండి మురుగు కాలువకు చేరే కణాలు ఈ పాచిని ఏమి చేస్తాయన్నది పరిశీలించవలసిన ప్రశ్న.

తెలుగు నేలపై ఈ రంగంలో ముఖ్యమైన అధ్యయనం టి.ఎన్.వి.కె.వి. ప్రసాద్ బృందం వేరుశనగపై 2012లో ప్రచురించినది. నానో జింక్ ఆక్సైడ్ 1000 పి.పి.ఎం. మోతాదులో మొలకకు మేలు చేసింది. 2000 వద్ద హాని చేసింది. మేలుకూ కీడుకూ మధ్య దూరం ఎంత తక్కువో ఈ ఫలితమే చెబుతున్నది. అయితే దాని కొలమానాలు మొలక, ఎదుగుదల, దిగుబడి. పొలం దాటిన నీరు దాని పరిధిలోనిది కాదు. కనుక ఆక్షేపణ ఆ అధ్యయనంపై కాదు, దిగుబడి ఫలితాన్ని పర్యావరణ భద్రతకు సాక్ష్యంగా చూపే వాదనపై.

మరోవైపు, శుద్ధ మాధ్యమంలో ఒకే జాతి బాక్టీరియాపై చేసిన విష పరీక్షలనూ కాలువకు నేరుగా అన్వయించలేము. టామ్ బాటిన్ బృందం 2009లో వాగు సూక్ష్మజీవులపై టైటానియం డయాక్సైడ్ ప్రభావాన్ని పరీక్షించింది. నీటిలో విడిగా తేలే కణాల పొరలు ఎక్కువగా దెబ్బతినగా, బయోఫిల్మ్‌లోని కణాలకు జిగురు కొంత రక్షణ ఇచ్చింది. ఈ రక్షణను నిరపాయతగా చదవడం పొరపాటు. నానోకణాలను పట్టి నిలిపేదీ ఆ జిగురే. పాచిని మేసే నత్తకు అవి అక్కడి నుండే చేరగలవు. కఠిన జలంలో కణాలు గుమిగూడి అడుగుకు దిగుతాయి గనుక ప్రమాదం తగ్గుతుందనే వాదనకూ ఇదే సమాధానం: అవి దిగేది పాచి మీదనే.

కావలసిన ప్రయోగం అసాధ్యమైనది కాదు. కాలువ నీటిలోనే పెరిగిన పాచిని తీసుకొని, నానో జింక్ ఆక్సైడ్‌నూ అంతే జింకు గల జింక్ సల్ఫేట్‌నూ పక్కపక్కన పరీక్షించాలి. కరిగిన జింకు అయాను చేసిన హాని ఎంత, కణం చేసిన హాని ఎంత అన్నది అప్పుడే విడివడుతుంది. కిరణజన్య సంయోగక్రియ, ఎంజైముల చర్య, పాచిలో నిలిచిన జింకు – ఈ మూడింటినీ కొన్ని గంటలు కాక, ఒక పంటకాలం పొడవునా కొలవాలి. అంతవరకు దిగుబడి పట్టిక పొలం గట్టు వరకే ప్రమాణం. గట్టు దాటిన నీటి గురించి అది మాట్లాడదు.